మందు పెట్టిన పండ్లు

కరీంనగర్,
14 సెప్టెంబర్ 2025

అన్నా,

నీ ఒట్టు నాకు గుర్తుంది. నేను భానుప్రసాద్‌ను పెళ్ళి చేసుకున్న రోజు చర్చి మెట్ల మీద నిలబడి "దాని మొఖం సూడ, దాని మాట యిన" అన్నావట. నా పెళ్ళి ఫొటో వచ్చిన పాపానికి ఫోన్ తీసుకుపోయి బావిలో పడేశావట. ఉత్తరం చదవనని మాత్రం అనలేదు కదా! మిషన్ బడిలో పంతులమ్మ తొడపాశాలు పెట్టి నేర్పిన అక్షరాలు మనిద్దరికీ ఇన్నాళ్ళకు పనికొచ్చాయి.

ఈ ఉత్తరంతో పాటు బస్సు పార్సెల్లో ఒక డబ్బా వస్తుంది. అందులో తెల్లటి పొడి ఉంటుంది. మా ల్యాబులో ఇన్నేళ్ళుగా కుస్తీ పడుతున్నది దానితోనే. సీతాఫలం సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. పొద్దున గట్టిగా ఉన్న కాయ మర్నాడు మెత్తబడుతుంది, ఆ మర్నాడు చీమల పాలు. ఇచ్చోడ రోడ్డు మీద పారబోసిన కాయల కంపు ఇప్పటికీ నా ముక్కుకు గుర్తుంది.

ఇది రొయ్యల పొట్టు నుంచి తీసిన పదార్థం. అందులో జింకు రేణువులు కలిపాం. వెంట్రుకను నిలువునా వెయ్యి పాయలుగా చీలిస్తే ఒక పాయ ఎంత ఉంటుందో రేణువు అంత. నానో అంటారు. కొంచెం సిర్కా, అదే వెనిగర్, పోసిన నీళ్ళలో పొడి కరిగించి, కాయలు ముంచి, నీడలో ఆరబెట్టు. తోలు మీద కంటికి కనిపించని పొర పడుతుంది. కాయ ఊపిరి నెమ్మదిస్తుంది, బూజు దగ్గరికి రాదు. గిన్నె మాత్రం శుభ్రంగా ఉండాలి. ఈ పొర తనకు ఏది అంటితే దాన్ని పట్టుకుని వదలదు, మనల్ని కన్న అవ్వలాగా.

భయపడకు. ముందు నేనే తిన్నాను. ఆ తర్వాత మా మామ సాంబయ్య సాంచెల మీద బట్ట నేస్తున్నవాడు లేచి వచ్చి రెండు తిని, "ఇంకో రెండు తే బిడ్డా" అన్నాడు.

ఒక్క పని తప్పకుండా చెయ్యి. సగం ట్రేల మీద 'మందు పెట్టినవి' అని, మిగతా వాటి మీద 'పెట్టనివి' అని రంగుతో రాయి. లేకపోతే ఏవి ఏవో తెలియక నా ప్రయోగం గంగలో కలుస్తుంది. అవ్వను, మహిమ వదినను అడిగానని చెప్పు.

నీ ఒట్టుకు అడ్డం రాని చెల్లెలు,
స్తుతి

*

రేగులగూడ,
27 సెప్టెంబర్ 2025

స్తుతికి,

అవ్వ వందనాలు చెప్పమంది. నేను చెప్పలేదు, అవ్వ చెప్పింది. బడిలో నేర్పిన భాషలోనే రాస్తున్నాను. కోపం వస్తే చేతిలోంచి మన మాట జారుతుంది, అది నా తప్పు కాదు.

నీ పొడి పనిచేసింది. మట్టి గోలెంలో కలిపి ముంచాను. పెట్టని కాయలు మూడో రోజుకే నల్లబడ్డాయి. పెట్టినవి వారం దాటినా చెట్టు మీద ఉన్నట్టే ఉన్నాయి. నస్పూర్ దాకా తీసుకుపోయి అమ్మాను. అక్కడి బొగ్గుబాయి కార్మికులు సంచులు నింపుకున్నారు. చెల్లెలి మీద కోపం వేరు, చెల్లెలి తెలివి వేరు.

నువ్వు రాయమన్నట్టే ట్రేల మీద ఎర్ర రంగుతో రాశాను. అవ్వ అది చదివి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "మొగణ్ణి వశం జేసుకునేటందుకు పెడ్తరు మందు, పగోణ్ణి సంపేటందుకు పెడ్తరు. కాయలకు మందు పెట్టుడు నేనేడ ఇనలే" అంది. నవ్వినప్పుడు అవ్వ చిన్నపిల్లలా ఉంటుంది. పండ్లు ఇప్పటికీ జొన్న గింజల్లా వరసగా ఉన్నాయి.

నవ్వనివాడు ఒకడున్నాడు. పక్కింటి కొమురెల్లి. వాడి కాయలు కుళ్ళిపోతుంటే నావి కుళ్ళడం లేదని వాడికి కడుపునొప్పి. మొన్న ఇచ్చోడ రోడ్డు మీద నా ట్రే చూపించి, వచ్చినవాళ్ళందరికీ "గవి మందు పెట్టినయ్, ఈళ్ళే రాసుకున్నరు సూడుండ్రి, తింటే సస్తరు" అని చెప్పాడు. నేను ఒక్కటే కొట్టాను. వాడి పెదవి చిట్లి అంగీ మీద నెత్తురు కారింది. ఇంకోటి కొట్టేవాణ్ణే కానీ వాడి పెండ్లాం బాలవ్వ మధ్యలోకి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఆమె మంచిది. అవ్వకు పత్తి చేలో జోడు. ఆమె కోసం విడిచిపెట్టాను.

కొట్టుకోవడంలో వాడు నా గోలెం తన్నాడు, అది పగిలింది. మిగిలిన పొడిని వేరే దాంట్లో కలిపి ఆఖరి ట్రే ముంచాను. అది నీ పరీక్ష కోసం ఇంట్లోనే ఉంచాను. ఎప్పుడు పంపాలో రాయి.

సాల్మన్

*

రేగులగూడ,
6 అక్టోబర్ 2025

స్తుతీ,

బాలవ్వ సచ్చిపోయింది. మందు పెట్టిన పండ్లని కొమురెల్లి మందిని వేసుకొని మన ఇంటి మీదికొచ్చిండు. నేను నస్పూర్ల ఉన్న. మహిమ ఫోను పలగ్గొట్టిండ్రు. అవ్వ పండ్లన్నీ పోయినయ్. మిగిలింది తర్వాత రాస్త.

సాల్మన్

*

కరీంనగర్,
9 అక్టోబర్ 2025

అన్నా,

బాలవ్వ పోయిందంటే నమ్మలేకపోతున్నాను. నాకు జడ వేసిన చేతులు అవి. ఏమైంది? జ్వరమా, పామా? నువ్వు రాయలేదు. వదిన ఫోన్ పలకడం లేదు. ఎందుకో నీ ఉత్తరంతోనే తెలిసింది.

ఇంటి మీదికి వచ్చారన్న మాట రెండుసార్లు చదివాను. అవ్వ పండ్లు పోతే పోనీ అన్నా, వాటి కోసం మళ్ళీ కొట్లాటకు పోకు. దేవుడు ఇచ్చాడు, దేవుడు మళ్ళీ ఇస్తాడు. పెండ్లాం చచ్చిన మనిషి, దుఃఖంలో ఏదో చేశాడు. ఊరికి పంచిపెట్టామనుకుందాం. అవ్వతో కూడా ఈ మాటే చెప్పు, నవ్వుతుంది. పోయినవాటికి ఇంత పరేషాన్ ఎందుకు? వచ్చే ఏడు ఇంతకు ఇంత వస్తాయి.

ఆఖరి ట్రే మిగిలి ఉంటే నాకు పంపు. మన పూత మీద పడిన నింద పోవాలి.

స్తుతి

*

ఆదిలాబాద్, పెద్దాసుపత్రి,
12 అక్టోబర్ 2025

ఓ చదువుకున్న చెల్లెలా,

మళ్ళీ ఇస్తాడా? అరవై ఏండ్ల ముసలిదానికి పండ్లు మళ్ళీ ఇచ్చే దేవుడెవడో చెప్పు, వాని కాళ్ళు మొక్కుత. నేను రాసింది కాయల సంగతి కాదు. అవ్వ నోట్లో పండ్ల సంగతి. నవ్వుతుందని రాసినవ్ కదా. ఆ ఉత్తరం అవ్వకు చదివి వినిపించలే. పొయ్యిల పెట్టిన.

అవ్వను కళ్ళతో చూసినవ్, ఎట్ల జరిగిందో చెప్తా, విను. బాలవ్వకు జ్వరం. నోరు చేదుగా ఉందంటే అవ్వ ఆఖరి ట్రేలోంచి రెండు పండ్లు తీసి తన చేత్తో ఇచ్చింది. సాయంత్రానికి బాలవ్వ నోట్లోంచి నురగ వచ్చింది, కాళ్ళు కొట్టుకుంది, ఇచ్చోడ దాకా పోకముందే ఆటోలో పోయింది. బొంద పెట్టి వచ్చీ రాగానే కొమురెల్లి, వాడి వెంట పదిమంది మన తలుపు పగలగొట్టారు. మహిమను జుట్టు పట్టి గోడకేసి కొట్టారు. అవ్వను వీధి వెంట ఈడ్చుకుపోయి, పంచాయతీ ముందరి కరెంటు స్తంభానికి ఆమె చీర కొంగుతోనే కట్టారు.

వాడి చేతిలో పట్కారు ఉంది. "పండ్లు పెట్టి నా పెండ్లాన్ని సంపినవ్. పండ్లకు పండ్లే బదులు. ఇగ మంత్రమెట్ల సదువుతవో సూస్త" అన్నాడట. ఒకడు దవడ పట్టాడు, ఒకడు తల పట్టాడు. అవ్వ "యేసయ్యా, యేసయ్యా" అంటుంటే అదే మంత్రమని ఇంకో పన్ను గుంజారు. పలుకు ఆగేదాకా గుంజారు. ఊరంతా నిలబడి చూసింది, స్తుతీ. మన వెంట చర్చికి వచ్చేవాళ్ళు కూడా.

స్టేషన్ల వాణ్ణి ఒక్క రాత్రి కూర్చోబెట్టి వదిలిండ్రు. సాక్ష్యం ఎవలూ చెప్తలేరట. మందు పెట్టినట్టు మీ ట్రే మీద మీరే రాసుకున్నారు కదా అని నన్నే అడిగిండ్రు.

మొన్న మహిమ ఎవరి ఫోన్లనో చెప్తే నువ్వు ఆసుపత్రికి పరుగెత్తుకుంటూ వచ్చినప్పుడు నేను వెనక గేటు నుంచి బయటికి పోయిన. ఒట్టు కోసం కాదు. నీ మొఖం చూస్తే ఏడుపు వస్తదని.

ఆ ట్రేలో మిగిలిన కాయలు, డబ్బా అడుగున మిగిలిన పొడి నీకు పంపుతున్న. నాకు ఒక్క మాట రాయి. మన పూత మనిషిని చంపుతదా, చంపదా? చంపుతదంటే తప్పు మనది, నేను నోరు మూసుకుంట. చంపదంటే ఆ కాయితం పట్టుకొని నేనే కొమురెల్లి ఇంటికి పోత.

సాల్మన్

*

కరీంనగర్,
17 అక్టోబర్ 2025

అన్నా,

నా తలకాయ తీసి నీ కాళ్ళ దగ్గర పెట్టినా నేను రాసిన ఆ ఉత్తరం పాపం పోదు. అవ్వ మంచం పక్కన కూర్చున్నప్పుడు ఆమె నా బుగ్గ నిమిరి ఏదో అంది. మాట అర్థం కాలేదు. ఉబ్బిన పెదవుల మధ్య నుంచి గాలి మాత్రమే వచ్చింది. నాకు కూడా వాణ్ణి చంపాలనిపించింది. నిజం.

స్టేషన్‌లో చూపించడానికి నీకు కాగితం కావాలని నాకు తెలుసు, అందుకే ఉన్న మాట వెంటనే రాస్తున్నాను. నువ్వు పంపిన పొడిని మా ల్యాబులో పరీక్షించాం. పూతలో విషం లేదు. మన పూత మనిషిని చంపదు. దీని మీద మా సార్ సంతకం కూడా ఉంది, చూడు.

కాయలను హైదరాబాద్ పంపాను. ఆ సంగతి వచ్చాక రాస్తాను. ఈ కాగితం పట్టుకుని ఒక్కడివే కొమురెల్లి ఇంటికి పోకు, స్టేషన్‌కే పో. పొద్దున బస్సుకు వేస్తున్నాను.

స్తుతి

*

కరీంనగర్,
20 అక్టోబర్ 2025

అన్నా,

ఈ ఉత్తరం భానుప్రసాద్ చేతికిచ్చి పంపుతున్నాను. నీ దగ్గర ఫోన్ లేదు. వదిన అవ్వతో ఆసుపత్రిలోనే ఉంది. ఆమె కొత్త నంబర్‌కు ఫోన్ చేస్తే, నిన్న నువ్వు కాగితం మడిచి జేబులో పెట్టుకుని, గొడ్డలి నూరించాలని చెప్పి ఊరికి పోయావంది. స్టేషన్‌కు ఫోన్ చేశాను, పోలీసులను పంపిస్తామన్నారు. నమ్మకం లేక ఆయన్ను బండి మీద పంపుతున్నాను. ఆయన మొఖం చూడకపోయినా ఫరవాలేదు, ఇది చదువు. నిలబడి చదువు, గొడ్డలి కింద పెట్టి చదువు.

హైదరాబాద్ నుంచి కాయల ఫలితం వచ్చింది. కాయల తోలు మీద, లోపలి గుజ్జులో పత్తికి కొట్టే పురుగుమందు ఉంది. కొంచెం కాదు, చాలా. మన పొడిలో అది లేదు. ఆఖరి ట్రేను దేనిలో ముంచావు? గోలెం పగిలాక 'వేరే దాంట్లో' అని రాశావు. ఆ వేరేది పత్తి మందు కలిపే డ్రమ్ము కాదని చెప్పు. కాదని ఒక్కసారి చెప్పు అన్నా.

అదే డ్రమ్ము అయితే జరిగింది ఇది. అడుగున అంటుకున్న విషం మన నీళ్ళలో కరిగింది. మామూలు నీళ్ళయితే కడిగితే కొంతైనా పోయేది. మన పూత దాన్ని పోనివ్వలేదు. కాయ మీద పట్టి ఉంచింది, పగుళ్ళలోంచి లోపలికి దింపింది. మన పూత బాగా పనిచేసింది అన్నా, అదే జరిగింది.

కొమురెల్లి చేసింది క్షమించే పని కాదు. వాణ్ణి జైల్లో పెట్టిద్దాం, నేను నీ వెంట ఉంటాను. కానీ వాడి పెండ్లాం నిజంగానే మన పండు తిని చచ్చింది. మొన్న తొందరపడింది నేనే. నా పూత మంచిదని ముందు చెప్పుకోవాలనిపించింది. కాయల ఫలితం వచ్చేదాకా ఆగి ఉండాల్సింది.

వాడి జోలికి పోకు. పోకు, పోకు.

స్తుతి

*

ఆదిలాబాద్ జైలు,
5 నవంబర్ 2025

చెల్లే,

మహిమ నన్ను చూసేటందుకు ములాఖత్‌కు వస్తే ఆమె చేతికి ఇస్తున్న. నీ మొగడు నా చేతిలో ఉత్తరం పెట్టేసరికి నా చెయ్యి మోచేతి దాకా తడిగా ఉంది. కాయితం అంటుకుపోయింది. సగం అక్షరాలు ఎర్రగా అలుక్కుపోయినై. మిగిలినవి చాలినై.

అది పత్తి మందు కలిపే నీలం డ్రమ్మే. బూడిద వేసి తోమిన. వాసన పోయింది, పోయిందనుకున్న.

ఎట్ల జరిగిందో నీకు చెప్పాలె, లేకపోతే తల పగిలిపోతది. కొమురెల్లి అరుగు మీద కూర్చుని బీడీ తాగుతున్నడు. నేను కాయితం చూపించిన. "సదువు. మందు లేదు. మా అవ్వ పండ్లు ఎందుకు గుంజినవ్?" అన్న. వాడు చదవలే. "నీ చెల్లె రాసిందే గదరా" అన్నడు. నా గొడ్డలి మొదటి దెబ్బ వాడి భుజం మీద పడింది. వాడు లేచి నా గొంతు పట్టుకున్నడు. ఇద్దరం అరుగు మీంచి పడ్డం. వాడి తల్లి కిష్టవ్వ నా వీపు మీద పడి గోళ్ళతో రక్కుతూ "వద్దు బిడ్డా, వద్దు బిడ్డా" అంటోంది. నన్ను బిడ్డా అంటోంది స్తుతీ. నేను ఆగలే. మెడ మీద వేసిన. ఇంకా వేసిన. అప్పటికే పోయిండని నీ మొగడు వెనక నుంచి నన్ను పట్టి గుంజేదాకా నాకు తెలియలే.

ఇప్పుడు నిన్ను ఒక్కటి అడుగుత. డ్రమ్ము సంగతి బయటపెట్టకు. కాయల కాయితం చింపెయ్. అది బయటికొస్తే ఊరంతా ఏమంటది? మన మగ్దలేనమ్మ అవ్వ పెట్టిన పండుతోనే బాలవ్వ సచ్చింది, కొమురెల్లి చేసింది న్యాయమే అంటది. అవ్వ నోటికి ఇంకా మానలే, ఆ మాట ఆమె మోయలేదు. నాకు ఉరి పడ్డా సరే. అవ్వ కోసం చంపిన కొడుకుగా పోత. నేనే మందు పెట్టి, నేనే నరికినవాడిగా నన్ను చెయ్యకు.

ఇక్కడ అన్నం లోపలికి పోతలేదు. ఎవరి చెయ్యి పెట్టిందో, దేంట్లో వండిందో అని చూస్తనే ఉంట. పళ్ళెం అట్లనే వాపస్ పోతది.

నీ అన్న

*

కరీంనగర్,
18 నవంబర్ 2025

అన్నా,

నీ ఉత్తరం వదిన కళ్ళ ముందే చదివాను. జవాబుకు ఇన్నాళ్ళు ఎందుకు పట్టిందంటే, నువ్వు అడిగింది నేను చెయ్యలేదు. ఆ మాట నీకు ఎలా చెప్పాలో తెలియలేదు.

రేగులగూడలో ఇప్పుడేమంటున్నారో వదిన నీకు చెప్పలేదు. నీకు ఫికర్ పెట్టొద్దని. కొమురెల్లిని నరికింది నువ్వు కాదట, అవ్వ మంత్రమట, నీ చేతిని అవ్వే ఆడించిందట. అవ్వ నోరు పోయింది కాబట్టి మంత్రం కోడలికి ఇచ్చిందట. పోయిన వారం వదిన బట్టలకని ఊరికి పోతే ఇద్దరు ఆమె దవడ పట్టుకుని నోట్లో చూశారు. పండ్లు లెక్కపెట్టారు అన్నా. ఆమె వాళ్ళ చేతులు కొరికి పరుగెత్తుకొచ్చింది. వదిన, అవ్వ ఇప్పుడు నా ఇంట్లోనే ఉన్నారు. మా మామ సాంబయ్య తన మంచం అవ్వకు ఇచ్చి సాంచెల పక్కన చాప వేసుకుంటున్నాడు.

నువ్వు నీ పేరు గురించి అడిగావు. నేను వదిన నోరు గురించి ఆలోచించాను. డ్రమ్ము సంగతి దాస్తే మంత్రం బతుకుతుంది. ఇంకో ముసలిదాన్ని, ఇంకో కోడల్ని వెతుక్కుంటుంది. మన ఇంటి పేరు పోతే పోనీ.

అవ్వకు నేనే చెప్పాను. పొద్దున్నే, ఎదురుగా కూర్చుని. ఆమె మోయలేదని నువ్వన్న మాటను ఆమె మోసింది. చాలాసేపు గోడకు తిరిగి పడుకుంది. తర్వాత లేచి మొఖం కడుక్కుని, "కిష్టవ్వకు జెప్పాలె" అంది. మాట ఇప్పుడు కొంచెం అర్థమవుతోంది. నేను, భానుప్రసాద్ కారు మాట్లాడుకుని తీసుకుపోయాం.

కిష్టవ్వ అరుగు మీదే ఉంది. మమ్మల్ని చూసి రాయి తీసుకుంది. అవ్వ కదలకుండా నిలబడి, "నీ కోడలికి పండు నేనే ఇచ్చిన. నా కొడుకు మందు డ్రమ్ముల ముంచిండు, మాకెరుక లేదు. మంత్రం లేదు కిష్టవ్వా, ఉత్త పత్తి మందు" అంది. కిష్టవ్వకు అర్థం కావడానికి నేను రెండోసారి చెప్పాను. ఆమె చేతిలో రాయి అలాగే ఉంది. అవ్వ నోట్లోకి చూస్తూ, "అయితే నా కొడుకు ఉత్తగనే గుంజిండు. నీ కొడుకు ఉత్తగనే నరికిండు" అంది. అంతే అంది. అవ్వ పోయి ఆమె పక్కన కూర్చుంది. రాయి విసురుతుందని నేను భయపడ్డాను. విసరలేదు, కింద కూడా పెట్టలేదు.

అక్కడి నుంచే స్టేషన్‌కు పోయి కాయల కాగితం ఇచ్చాను. 'మందు' అని రాయమంది నేను, ముంచింది నువ్వు, ఇచ్చింది అవ్వ, గుంజింది వాళ్ళు, నరికింది నువ్వు అని అన్నీ చెప్పాను. అవ్వ దవడ పట్టినవాళ్ళ పేర్లు కూడా ఇచ్చాను. ఒక ముసలామె మాకు సాక్ష్యం చెప్తానంది. ఆమె కిష్టవ్వ. తన కొడుకు చేసిందీ చెప్తుందట, నువ్వు చేసిందీ చెప్తుందట.

నువ్వు నన్ను తిట్టుకుంటావు. తిట్టుకో. నిన్ను జైల్లో ఉంచేది నా సంతకమేనని నాకు తెలుసు. రాత్రిళ్ళు దిండులో మొఖం పెట్టి ఏడుస్తున్నాను. అయినా కోర్టులో నీ ముందు నిలబడి నేనే చెప్తాను.

ఆ రోజు నీకు అన్నం కూడా నేనే తెస్తాను. కొత్త గిన్నెలో వండుతాను. నీ ముందు మొదటి ముద్ద నేను తింటాను, రెండో ముద్ద అవ్వ తింటుంది. నమిలే పని లేకుండా మెత్తగా పప్పన్నం చేస్తాను. మూడో ముద్ద నీది. అన్నా, తిను.

స్తుతి